స్టెప్నీ లెక్క

కారులో అదనపు చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం కదా, అమెరికా వాళ్ళతో ఆ మాటంటే తెల్లమొహం వేస్తారు. 1904లో వేల్స్‌లోని లనెల్లీ ఊళ్ళో, స్టెప్నీ వీధిలో పుట్టిన చక్రం అది.

ఇప్పుడీ గోలెందుకంటే, జెర్సీ సిటీలో హడ్సన్ ఒడ్డున ఉన్న మా క్లయింటు దగ్గర పోయిన వారం స్టెప్నీ మీదే వాదన. సర్వర్ రూములో 100 పవర్ సప్లైలున్నాయి. ఒకటి పోతే లాగేసి ఇంకోటి తోసెయ్యడమే. పోయినది రిపేరుకి వెళ్ళి రావడానికి నెల. అలమారాలో రెండు స్పేర్లు ఏడాదిగా సీలు విప్పకుండా పడున్నాయి. "ఇంత గట్టి సరుకుకి ఇవి దండగ కాదా?" అన్నాడు మేనేజరు.

సరే, లెక్కేద్దాం. సగటున 5 లక్షల గంటలకొకటి పోతుందని కంపెనీ కాగితం. ఒక్కోటీ 57 ఏళ్ళు బతుకుతుందని కాదండోయ్! 100 కలిసి నెలకి 72,000 గంటలు పనిచేస్తాయి. అంటే నెలకి 0.144, ఏడాదికి దాదాపు రెండు పోవాలి. పాసాన్ సూత్రం (కాలేజీలో పాయిజన్ అనేవాళ్ళం, అదే) ప్రకారం ఏడాదంతా ఒక్కటీ పోకపోవడం ఆరేళ్ళకోసారి మామూలే. కాబట్టి వాడలేదు గనక అక్కర్లేదు అనడం కుదరదు. ఒక్క స్పేరుంటే 99 శాతం నెలలు గడిచిపోతాయి. రెండుంటే కొరత పడే అవకాశం పదివేలకి ఐదు లోపే.

మరి రెండూ చాలా? అక్కడే ఉంది తిరకాసు. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన వాళ్ళ లెక్క ఈ సూత్రానికి సరిపోయిందని చూపించాడు. ఒక గుర్రం తన్నుకీ ఇంకో గుర్రం తన్నుకీ సంబంధం లేదు గనక సరిపోయింది. గుర్రాలన్నీ ఒకేసారి తంతే?

2012 అక్టోబర్ 29న అదే జరిగింది. శాండీ తుపానుకి ఉప్పునీళ్ళు పాత్ రైళ్ళ సొరంగాల్లోకి, స్టేషన్లలోకి వచ్చి సిగ్నళ్ళనీ కరెంటు పరికరాలనీ ముంచేశాయి. హోబోకెన్ స్టేషన్‌కి మళ్ళీ రైలొచ్చింది డిసెంబర్ 19న. నీళ్ళకి కంపెనీ కాగితంతో పనిలేదు. అదే గదిలో దాచిన స్పేర్లూ మునుగుతాయి.

అందుకని నేను చెప్పింది ఇదీ: రెండూ ఉంచండి, కానీ ఒకటి ఇక్కడ, ఒకటి గుట్ట మీద జర్నల్ స్క్వేర్‌లో ఉన్న మీ రెండో ఆఫీసులో. మూడు నెలలకోసారి స్పేరుని మెషీన్లో పెట్టి నడిపి చూడండి.

గాలి లేని స్టెప్నీ డిక్కీలో బరువేగా మరి!