హోండా వెళ్లిపోయింది... బ్రాక్లీ నిలబడింది!

ఇంగ్లండ్‌లో బ్రాక్లీ అని ఒక చిన్న ఊరుంది. లండన్ నుంచి వాయవ్యంగా సుమారు వంద కిలోమీటర్ల దూరం. 2021 లెక్కల ప్రకారం జనాభా 16 వేల పైచిలుకు. మన దగ్గరైతే ఓ మోస్తరు మండల కేంద్రం అనుకోవచ్చు. పొడవాటి ప్రధాన వీధి, దాని మధ్యలో మూడొందల ఏళ్లనాటి టౌన్‌హాలు, దానిమీద గడియారం, రెండు వైపులా రాతి ఇళ్లు, పాత సత్రాలు. రైలు కూడా రాదు. ఆఖరి స్టేషన్‌ను 1966లోనే మూసేశారు.

అలాంటి ఊళ్లో ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తే కార్లు తయారవుతాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ నిజం. ఊరి అంచున ఉన్న ఒక ఫ్యాక్టరీలోనే ఫార్ములా వన్ కార్లు పుడతాయి. 2008 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీకి తాళం పడబోయింది. ఎందుకు పడబోయింది, ఎలా తప్పింది, దానికి ఎవరు ఎంత మూల్యం చెల్లించారు... ఇదంతా బ్రాక్లీ చెప్పే కథ.

నైట్ల నుంచి రేసర్ల దాకా

పోటీలు ఈ ఊరికి కొత్త కావు. ఎనిమిది వందల ఏళ్ల కిందట గుర్రాలెక్కిన నైట్లు బల్లేలతో తలపడే టోర్నమెంట్లు ఇంగ్లండ్‌లో పెద్ద వేడుక. 1194లో మొదటి రిచర్డ్ రాజు వాటిని అయిదు చోట్ల మాత్రమే జరపాలని ఆజ్ఞాపించాడు. ఆ అయిదింటిలో ఒకటి బ్రాక్లీ పక్కనున్న మైదానం. ప్రవేశ రుసుమూ ఉండేది. ఎర్ల్ అయితే 20 మార్కులు, బ్యారన్ అయితే 10, భూమి లేని నైట్ అయితే 2 మార్కులు కట్టాలి. డబ్బున్నవాడికే పోటీ అన్న సూత్రం అప్పట్నుంచే ఉందన్నమాట! 1215లో జాన్ రాజుమీద తిరగబడ్డ ప్రభువులు బ్రాక్లీలోనే మకాం వేసి తమ కోరికల పట్టీ పంపించారు. రాజు ఒప్పుకోలేదు. రెండు నెలలు తిరక్కుండానే ఆయన మాగ్నా కార్టాకు తలవంచాల్సి వచ్చింది.

ఇక మోటారు రేసుల సంగతి. బ్రాక్లీకి పదీ పన్నెండు కిలోమీటర్ల దూరంలో సిల్వర్‌స్టోన్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అది వైమానిక దళ స్థావరం. యుద్ధం అయిపోయాక ఆ ఖాళీ రన్‌వేల మీద కార్ల పందాలు మొదలయ్యాయి. 1950 మే 13న ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి గ్రాండ్ ప్రి అక్కడే జరిగింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లన్నీ రేసు కార్ల వర్క్‌షాపులతో నిండిపోయాయి. ఒక ఊళ్లో గేర్‌బాక్సులు, ఇంకో ఊళ్లో కార్బన్ ఫైబర్ విడిభాగాలు, మరో ఊళ్లో ఇంజిన్లు. చీరాలలో మగ్గాల్లాగా, ఏటికొప్పాకలో లక్క బొమ్మల్లాగా ఇక్కడ రేసు కారు ఒక స్థానిక వృత్తి. ఒక టీములో పనిపోతే పక్క ఊళ్లో ఇంకో టీము ఉంటుంది. ఇంజినీర్లు ఇల్లు మారకుండానే ఉద్యోగం మారిన సందర్భాలు బోలెడు.

ఒక్క ప్రకటన

బ్రాక్లీలో ఫార్ములా వన్ టీము పెట్టింది మొదట ఒక సిగరెట్ కంపెనీ సొమ్ముతో. పేరు బ్రిటిష్ అమెరికన్ రేసింగ్. 1999లో బరిలోకి దిగింది. ఆ ఏడాది ఒక్క పాయింటూ రాలేదు. 2000 నుంచి దానికి హోండా ఇంజిన్లు వచ్చాయి. హీరో హోండా మోటార్‌సైకిళ్లతో మన పల్లెలకూ పరిచయమైన అదే జపాన్ కంపెనీ! క్రమంగా వాటాలు కొని, 2005 చివరికల్లా టీమును పూర్తిగా తన సొంతం చేసుకుంది. డబ్బు ధారపోసింది. కారు మీద గాలి ఎలా పారుతుందో చూసే పెద్ద విండ్ టన్నెల్‌ను బ్రాక్లీలోనే కట్టించింది. 2006లో హంగరీలో జెన్సన్ బటన్ గెలిచాడు. ఇక తిరుగులేదనుకున్నారు. తీరా చూస్తే 2007లో ఏడాది మొత్తానికి వచ్చినవి 6 పాయింట్లు. 2008లో 14.

ఫెరారీలో మైకేల్ షుమాకర్ వెనక ఉండి వరుస విజయాలు సాధించిపెట్టిన రాస్ బ్రాన్‌ను టీము సారథిగా తెచ్చుకున్నారు. 2009లో నిబంధనలు పూర్తిగా మారబోతున్నాయి. అందుకని ఆయన 2008 కారును దాదాపు పక్కనపెట్టేసి, మనుషుల్నీ డబ్బునీ వచ్చే ఏడాది కారు మీదికి మళ్లించాడు. ఓటమిని భరిస్తూ ఒక ఏడాది పెట్టుబడి పెట్టడమంటే మాటలు కాదు.

ఆ కారు రూపుదిద్దుకుంటుండగానే ఆర్థిక మాంద్యం విరుచుకుపడింది. 2008 సెప్టెంబరులో లీమన్ బ్రదర్స్ కుప్పకూలింది. అమెరికాలో కార్లు కొనేవాళ్లు కరవయ్యారు. డిసెంబరు 5న టోక్యోలో హోండా అధ్యక్షుడు టకేఓ ఫుకుయి ప్రకటించాడు... ఫార్ములా వన్ నుంచి తప్పుకొంటున్నామని. క్రిస్మస్‌కు సరిగ్గా ఇరవై రోజుల ముందు!

కంపెనీ లెక్కల్లో అదొక ఖర్చు తగ్గింపు. బ్రాక్లీలో మాత్రం సుమారు 700 మంది జీతాలు. వాళ్లమీద ఆధారపడ్డ ఇళ్లు, అప్పులు, పిల్లల చదువులు. పైగా ఇలాంటప్పుడు 'పక్క ఊళ్లో ఇంకో టీము' అన్న ధైర్యం కూడా పనిచేయదు. మాంద్యం అన్ని టీములనూ పొదుపు బాట పట్టించింది.

ఒక పౌను బేరం

హోండా మొదట ఉన్నపళాన మూసేద్దామనే అనుకుంది. టీము అమ్ముకోవడానికి కాస్త గడువివ్వమని రాస్ బ్రాన్, ముఖ్య కార్యనిర్వాహకుడు నిక్ ఫ్రై పట్టుబట్టారు. కొనేవాళ్లు వచ్చారు, పోయారు. బేరం ఏదీ తెగలేదు. ఆ మూడు నెలలూ ఫ్యాక్టరీలో జనం మాత్రం పని ఆపలేదు. రేసు ఆడుతుందో లేదో తెలియని కారును తయారుచేస్తూనే ఉన్నారు. హోండా ఇంజిన్ ఇక లేదు కాబట్టి మెర్సిడెస్ ఇంజిన్ తెచ్చారు. వేరే ఇంజిన్ కోసం గీసిన చట్రంలో దాన్ని ఇమడ్చడానికి కోతలూ అతుకులూ వేశారు. ఆ ఇంజిన్లు తయారయ్యే బ్రిక్స్‌వర్త్ కూడా అదే నార్తాంప్టన్‌షైర్ జిల్లాలోనిదే కావడం విశేషం.

చివరికి 2009 మార్చి 6న బ్రాన్, ఆయన సహచరులే టీమును తీసుకున్నారు. నామమాత్రపు ధర ఒక్క పౌను! ఆ ఏడాది నడవడానికి హోండాయే పెద్ద మొత్తం ఇచ్చింది. మూసేసి అందరికీ పరిహారం కట్టడమూ ఖర్చే కదా. డ్రైవర్ బటన్ తన జీతం భారీగా తగ్గించుకున్నాడు. టీముకు బ్రాన్ జీపీ అని పేరు పెట్టారు. కారుకు తెల్లరంగు వేశారు. దానిమీద స్పాన్సర్ల పేర్లు దాదాపు లేవు.

మార్చి 29న మెల్‌బోర్న్‌లో తొలి రేసు. బటన్ మొదటి స్థానం, రుబెన్స్ బారికెల్లో రెండో స్థానం! కారు వెనకభాగాన కింద గాలిని రెండంతస్తులుగా పంపే 'డబుల్ డిఫ్యూజర్' వాళ్లకు కలిసొచ్చింది. టయోటా, విలియమ్స్ కార్లలోనూ అలాంటిదే ఉంది. ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు. అది నిబంధనలకు లోబడే ఉందని ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు తేల్చింది.

బటన్ మొదటి ఏడు రేసుల్లో ఆరు గెలిచాడు. అక్టోబరు 18న బ్రెజిల్‌లో డ్రైవర్ టైటిల్, టీము టైటిల్ రెండూ బ్రాక్లీకే దక్కాయి. ఒకే ఒక్క ఏడాది బతికిన టీము, ఆ ఏడాదే ప్రపంచ విజేత. ఫార్ములా వన్‌లో ఇంకెవరికీ ఇలా జరగలేదు.

పండగ పూటే నోటీసులు

సినిమాలైతే ఇక్కడ శుభం కార్డు పడుతుంది. బ్రాక్లీలో అలా జరగలేదు. మెల్‌బోర్న్ గెలుపు సంబరం చల్లారకముందే దాదాపు 270 ఉద్యోగాలు తీసేయాల్సి వస్తుందని టీము ప్రకటించింది. హోండా సొమ్ముతో పెరిగిన ఫ్యాక్టరీని ఆ సొమ్ము లేకుండా నడపాలంటే తప్పదన్నారు. గెలిచిన కారు మీద ఆ వెళ్లిపోయినవాళ్ల చేతి గుర్తులూ ఉన్నాయి. ఏడాది చివర ఎత్తిన కప్పులో వాళ్ల వాటా ఎంతో ఏ రికార్డు పుస్తకంలోనూ ఉండదు.

2009 నవంబరులో మెర్సిడెస్ వచ్చి టీమును కొంది. అదే ఫ్యాక్టరీ, చాలావరకు అదే మనుషులు. 2014 నుంచి 2021 వరకు వరుసగా ఎనిమిది టీము టైటిళ్లు! లూయిస్ హామిల్టన్ ఏడు డ్రైవర్ టైటిళ్లలో ఆరు ఇక్కడి కార్లతోనే వచ్చాయి. అప్పట్లో సగం ఖాళీ అయిన ప్రాంగణంలో తర్వాత వెయ్యి మందికి పైగా పనిచేసే స్థాయి వచ్చింది.

అన్ని ఊళ్లకూ ఇంత అదృష్టం ఉండదు. అదే 2009లో బీఎండబ్ల్యూ, టయోటా కూడా తప్పుకొన్నాయి. బీఎండబ్ల్యూ టీమును స్విట్జర్లాండ్‌లోని హిన్విల్‌లో దాని పాత యజమాని పీటర్ సాబర్ మళ్లీ తీసుకుని నిలబెట్టాడు. జర్మనీలోని కొలోన్‌లో టయోటా ఫార్ములా వన్ టీము మాత్రం ఒక్క రేసూ గెలవకుండానే మూతపడింది.

చూసి రావాలంటే...

బ్రాక్లీ ఫ్యాక్టరీ సాధారణ సందర్శకులు చుట్టి రాదగ్గ చోటు కాదు. టౌన్‌హాలు, పాత వీధులు చూసుకుని సిల్వర్‌స్టోన్ వెళ్లడమే మంచిది. అక్కడ యుద్ధకాలం నాటి విమానాల షెడ్డులో 2019లో మ్యూజియం తెరిచారు. రన్‌వే రేస్‌ట్రాక్‌గా ఎలా మారిందో అందులో కళ్లకు కట్టినట్టు చూపిస్తారు.

ఆ ట్రాక్ పక్కనే ఆస్టన్ మార్టిన్ ఫార్ములా వన్ టీము కొత్త ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 2026 నుంచి ఆ టీముకు ఇంజిన్లిస్తానని 2023లో ఒక కంపెనీ ఒప్పందం చేసుకుంది. ఏ కంపెనీయో చెప్పుకోండి... హోండా! 1968లో, 1992లో, 2008లో, 2021లో ఇలా నాలుగుసార్లు వెళ్లొస్తానని చెప్పి, ప్రతిసారీ మళ్లీ వచ్చిన ఘనత దానిది. ఈసారి వచ్చింది బ్రాక్లీకి పావుగంట దూరానికే. వద్దనుకున్నప్పుడు పోవడం, కావాలనుకున్నప్పుడు రావడం కంపెనీలకు చెల్లుతుంది. వాటి కోసం పనిచేసేవాళ్లకు ఆ వీలు ఉండదు.