కౌంటరుకు అవతలి వాళ్లు

21 మార్చి 2020, శనివారం
తెనాలి

పొద్దున షట్టరు ఎత్తేసరికి మెట్ల దాకా జనం. బీపీ మాత్రలకు వచ్చిన ముసలివాళ్లు వెనకబడిపోయారు. ముందున్న వాళ్లందరికీ మాస్కులే కావాలి. నిన్న కేంద్రం ధర కట్టింది. రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10, శానిటైజరు 200 మిల్లీలీటర్లు 100 రూపాయలు దాటకూడదు. ధర బాగానే కట్టారు, సరుకేది? హోల్‌సేల్ వాళ్లకు ఫోను చేస్తే పాత ధరకు లేవు, కొత్త ధరకు అసలే లేవు అంటున్నారు.

ఉన్న కాసిని ఎవరికివ్వాలో రాత్రే అనుకున్నాను. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి, టీబీ మందులు వాడేవాళ్లకి, ఆసుపత్రిలో రోగి దగ్గర కూర్చునేవాళ్లకి ముందు. తక్కినవాళ్లకి మనిషికి రెండు. కారులో వచ్చిన ఒకాయన యాభై అడిగారు, ఎంతైనా ఇస్తానన్నారు. "ఇంట్లో ఎంతమంది అన్నగారూ?" అన్నాను. నలుగురట. ఎనిమిదిచ్చాను. ముఖం మాడ్చుకుని వెళ్లారు. ఆయన వెనక నిలబడ్డ ఆటో అబ్బాయికీ ఇంట్లో తల్లి ఉంటుంది. అతనికీ మిగలాలి.

14 ఏప్రిల్ 2020, మంగళవారం

లాక్‌డౌన్ మే 3 దాకా పొడిగించారు. ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కు వాడుకోండని ఈ నెల మొదట్లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆసుపత్రి మాస్కులు ఆసుపత్రి వాళ్లకు మిగలాలి మరి. మన రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతారట, కుట్టే పని డ్వాక్రా సంఘాల వాళ్లకిచ్చారు. మా వీధి చివరి పిన్ని మిషను పొద్దుగూకేదాకా ఆగడం లేదు.

సాయంత్రం ఒకటి తెచ్చి చూడమంది. పెట్టుకుని నాలుగు మాటలు మాట్లాడగానే కళ్లద్దాలు మసకబారాయి. అంటే ముక్కు పక్కనుంచి ఊపిరి తన్నుకొస్తోంది. పైఅంచు మడతలో పూలదండలు కట్టే సన్న తీగ ముక్క పెట్టి కుట్టమన్నాను. కుట్టుకొచ్చింది. తీగను ముక్కు దూలానికి రెండు వేళ్లతో అటూ ఇటూ నొక్కితే అద్దాలు తేటగా నిలిచాయి. తర్వాత గుడ్డ సంగతి. బల్బు వెలుగుకు పట్టి చూపించాను, దారాల సందుల్లోంచి వెలుతురు దూరి వస్తోంది. పాత నూలు పంచె రెండు మడతలు వేసి పట్టాక తగ్గింది. పిన్ని ఏమీ అనలేదు, కుట్టినవన్నీ మళ్లీ విప్పడం మొదలుపెట్టింది. పనిమీద అంత గౌరవం ఉన్న మనిషిని చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

8 జూన్ 2020, సోమవారం

గుళ్లు, హోటళ్లు తెరిచారు. బజారులో మునుపటి కళ వచ్చింది.

రోజంతా ఒకటే చూస్తున్నాను. మాస్కు పెట్టుకునే వస్తారు. కౌంటరు దగ్గరికొచ్చి, నోరు తెరవబోతూ, గడ్డం కిందికి లాగుతారు. మందు పేరు చెప్పి మళ్లీ పైకి లాక్కుంటారు. ఊరుకున్నంతసేపూ మూతికి గుడ్డ ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఉండదు. తుంపర్లు ఎక్కువగా వచ్చేది మాటతోనే, దగ్గుతోనే, గట్టిగా నవ్వితేనే.

దీన్ని నేను నిర్లక్ష్యం అనుకోను. సగం మంది మర్యాద కోసమే దించుతున్నారు. ముఖం కప్పుకుని మాట్లాడితే ఎదుటి మనిషిని లెక్కచెయ్యనట్టని మనకు చిన్నప్పటి నుంచీ నాటుకుపోయింది. మా మేనమామ ఎంత చలిలోనైనా పెద్దవాళ్లు ఎదురైతే మఫ్లరు విప్పాకే పలకరించేవాడు. ఆ మంచి అలవాటే ఇప్పుడు మనకు ఎదురుతిరిగింది. తిడితే పోయేది కాదు. "మాస్కు పెట్టుకోండి" అన్న బోర్డు వల్లా లాభం లేదు, పెట్టుకునే ఉన్నారుగా. అది తీసేసి కొత్తది రాశాను: "మాస్కు దించకుండా మాట్లాడండి. నాకు వినిపిస్తుంది." ఆ రెండో వాక్యం చదివాకే చాలామంది చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వినిపించనప్పుడు పాత స్ట్రిప్పు చూపించమంటాను, లేదంటే చీటీ మీద రాయమంటాను.

శుక్రవారం డబ్ల్యూహెచ్‌ఓ కూడా గుడ్డ మాస్కుకు లెక్క చెప్పింది. లోపల చెమ్మ పీల్చే నూలు, మధ్యలో నేయని పాలీప్రొపిలీన్, బయట నీరు పట్టని పాలిస్టరు. ఆ మధ్య పొర కోసం బట్టల కొట్లో ఇచ్చే సంచీ పనికొస్తుందా అని పిన్ని అడిగింది. రెంటిలో ఉన్నదీ ఒకే రకం గుడ్డే. ఉతికి కుట్టమన్నాను.

22 జూలై 2020, బుధవారం

ముందు గుండ్రటి బిళ్ల ఉన్న ఎన్95లు ఇక అమ్మను. బిళ్ల ఉంటే ఊపిరాడటం సులువని, చూడటానికి ఖరీదుగా ఉంటుందని జనం అవే ఏరుకుంటున్నారు. ఆ బిళ్ల కవాటం. లోపలికి పీల్చే గాలి వడపోతకు లోనవుతుంది, వదిలే గాలి కవాటంలోంచి నేరుగా బయటికి పోతుంది. మన పొయ్యి గొట్టాన్ని పక్కింటి కిటికీ వైపు తిప్పి పెట్టినట్టు. సిమెంటు పనివాళ్ల కోసం, దుమ్ము కోసం పుట్టిన వస్తువు అది. అక్కడ వదిలే ఊపిరి వల్ల ఎవరికీ హాని లేదు. ఇవి వాడొద్దని ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ రాష్ట్రాలకు ఉత్తరం రాశారని ఇవాళ పేపర్లో వచ్చింది. ఇప్పటికే కొన్నవాళ్లకు, పైన మూడు పొరలది కట్టుకోమని చెప్తున్నాను.

11 ఆగస్టు 2020, మంగళవారం

దుగ్గిరాల దగ్గర పల్లె నుంచి నెలకోసారి షుగరు మాత్రలకు ఒక తాత వస్తాడు. మాస్కు జేబులోనే ఉంటుంది, ముఖానికి రాదు. ఇవాళ రద్దీ లేదు. అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను.

"అమ్మా, మా నాయన ఆసామి ముందర తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని మాటాడేవోడు. మా గాలి ఆయనకి తగలగూడదంట. నా కళ్లతో చూశా. మీసాలొచ్చినాక నేనా పని చెయ్యనని బెజవాడ కూలికి పోయా. ఇంత వయసొచ్చాక ఇప్పుడు మళ్లీ మూతికి గుడ్డ కట్టమంటారా?"

ఇన్ని నెలలుగా మాస్కు గురించి విన్నదాంట్లో, చదివినదాంట్లో ఈ మాట ఎక్కడా లేదు. ఏ పోస్టరులోనూ లేదు.

"తాతా, అప్పుడు కట్టింది మీ నాయన ఒక్కడే. ఆసామి కట్టలేదు. ఇప్పుడు చూడు, నేను కట్టుకునే నీతో మాట్లాడుతున్నా. నా గాలి నీకు తగలకూడదని."

కాసేపు ఆలోచించాడు. "కలెట్రు గారు కడతన్నారా?"

"కడుతున్నారు."

"మా ఊరి ఆసామి కొడుకు?"

అది నాకు తెలీదు.

"ఆయన కడితే నేనూ కడతా" అని మాత్రలు తీసుకుని లేచాడు. అది మొండితనం కాదు. ఆ షరతులో న్యాయం ఉంది. అందరూ కట్టుకుంటేనే మాస్కు ఒకరినొకరు కాచుకోవడం అవుతుంది. కొందరిచేత మాత్రమే కట్టిస్తే అది మళ్లీ పాత తుండుగుడ్డే.

రాత్రి అన్నం తింటుంటే మంచూరియా ప్లేగు కథ గుర్తొచ్చింది. 1910 చివర్లో అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన 31 ఏళ్ల వూ లియెన్-తేను చైనా ప్రభుత్వం హార్బిన్ పంపింది. ఇది ఊపిరి ద్వారా పాకుతోంది, అందరూ గాజ్ గుడ్డ, దూది పెట్టి చేసిన మాస్కు కట్టండని ఆయన అన్నాడు. ఆయన కంటే పెద్దవాడూ పేరున్నవాడూ అయిన ఫ్రెంచి డాక్టరు మెనీ ఆ మాటను, ఆ మనిషిని కూడా తీసిపారేశాడు. మాస్కు లేకుండా రోగుల దగ్గరికెళ్లి, కొద్ది రోజులకే అదే ప్లేగుతో పోయాడు. ఆ తర్వాత హార్బిన్‌లో మాస్కు లేని ముఖం కరువైంది. సుమారు 60,000 మందిని మింగిన రోగం అది. ఒక డాక్టరుకు తన హోదా అడ్డొచ్చింది. మా తాతకు తన తండ్రి పడ్డ అవమానం అడ్డొస్తోంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు.

3 అక్టోబరు 2020, శనివారం

మగ్గం వర్కు చేసే అమ్మాయి వచ్చింది. పుట్టు చెవిటి. పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. నాలుగేళ్లుగా నాతో హాయిగా మాట్లాడేది. చీటీ మీద రాసింది: "అందరూ నోళ్లు మూసేశారు. బజారుకు రావాలంటే భయంగా ఉంది." పక్కనున్నావిడ పాపం సాయం చెయ్యబోయి గట్టిగా అరిచింది. అరిస్తే ఏం లాభం, పైగా ఆ అరుపుతో ఆవిడ మాస్కు జారిపోయింది.

నేను కాగితం తీశాను. మందుల కవరు మీద ఎప్పుడూ గీసే బొమ్మలే గీశాను, పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రవంక, అన్నం తిన్నాక అంటే కంచం. ఈసారి వాటి కింద వాక్యాలు కూడా రాశాను. పిన్నితో చెప్తే మూతి దగ్గర పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క వేసి మాస్కు కుట్టింది. ఊపిరికి మసకబారుతోంది. లోపలివైపు సబ్బు పల్చగా రుద్ది తుడిస్తే కాసేపు ఆగుతోంది. ఇక దాన్ని కౌంటరు సొరుగులో ఉంచుతాను. వినికిడి మిషను పెట్టుకునే ముసలివాళ్లకు చెవులకు తగిలించే రబ్బరు వద్దు, తీసేటప్పుడు మిషను ఊడి కిందపడుతోంది. తల వెనక ముడేసుకునే నాడాలు కుట్టిస్తున్నాను.

ఇంకొకటి. రెండేళ్ల పిల్లాడికి మాస్కు బిగించి తెచ్చిన తల్లికి విప్పమని చెప్పాను. అయిదేళ్ల లోపు వాళ్లకు అక్కర్లేదని డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ ఆగస్టులోనే చెప్పాయి.

20 నవంబరు 2020, శుక్రవారం

మున్సిపాలిటీ ఊడ్చే ఆమె మా మెట్ల ముందు వంగి, వాడి పారేసిన మాస్కులు ఒట్టి చేత్తో ఏరుతోంది. ఆమె చేతికి గ్లవ్స్ ఇచ్చాను. ఇవ్వాల్సింది ఆమెకు పని చెప్పేవాళ్లు. కాలుష్య నియంత్రణ మండలి నియమం సులువైనదే. వాడిన మాస్కును ఎవరూ మళ్లీ వాడకుండా కత్తిరించి, కాగితం సంచిలో 72 గంటలు ఉంచి, పొడి చెత్తలో వెయ్యాలి. మాస్కులు కొన్న ప్రతివాళ్లకూ ఒక కాగితం కవరు ఇచ్చి ఈ ముక్క చెప్తున్నాను.

25 ఏప్రిల్ 2021, ఆదివారం

రాసే ఓపిక లేదు. పొద్దున్నించీ పల్స్ ఆక్సీమీటర్లు, ఆక్సిజన్ సిలిండర్లు ఎక్కడ దొరుకుతాయనే ఫోన్లు. తెలిసినవాళ్లు పోతున్నారు. పేర్లు రాయలేను.

ఎన్95లు ఉతికి వాడుతున్నారు. నలుగురికి చెప్పినా అయిదోవాళ్లు మళ్లీ అదే. అది ఒట్టి జల్లెడ కాదు, లోపలి పోగులకు విద్యుదావేశం ఉంటుంది, సన్న రేణువులను అదే లాగి పట్టుకుంటుంది. సబ్బు నీళ్లు, స్పిరిట్ తగిలితే ఆ శక్తి పోతుంది. ఆవేశం ఎక్కించే ఒక పద్ధతిని టెన్నెసీలో ఉన్న తైవాన్ శాస్త్రవేత్త పీటర్ సాయ్ కనిపెట్టాడు. ఉతకకుండా కొన్ని మాస్కులు పెట్టుకుని, ఒకటి వాడాక కొన్ని రోజులు ఆరనిచ్చి వరసగా తిప్పి వాడమన్నదీ ఆయనే. కొనలేనివాళ్లకు మూడు పొరలది లోపల, దాని మీద బిగుతైన గుడ్డది కట్టి చూపిస్తున్నాను. పైది సందులు లేకుండా అదమడానికి.

22 మే 2021, శనివారం

తుంపర్లు 2 మీటర్లలోపు పడతాయి, సన్నటి తుంపర గాలిలో 10 మీటర్ల దాకా పోతుంది, కిటికీలు తెరవండని కేంద్ర ముఖ్య శాస్త్ర సలహాదారు కార్యాలయం చెప్పింది. మందుల పెట్టెలు పేర్చి మూసేసిన వెనక తలుపు తెరిపించాను. ఫ్యాను గాలిని బయటికి తోసేలా తిప్పాను. ఇప్పుడు కొట్టులో స్పిరిట్ వాసన నిలవడం లేదు.

తాత వచ్చాడు. మూతికీ ముక్కుకీ కలిపి మాస్కు.

"ఆసామి కొడుకు కడుతున్నాడా తాతా?"

"కడతన్నాడమ్మా. మా ఈదిలోకి వచ్చినప్పుడు కడతాడు. ఆళ్ల ఈదిలో తిరిగేటప్పుడు కట్టడు."

ఏం చెప్పను?

"మనవరాలు నీళ్లోసుకుంది. దానికోసం కడతన్నా. ఆయన కోసం కాదు" అన్నాడు, వేలితో మాస్కు పైఅంచు సర్దుకుంటూ. చూస్తే తీగ లేని రకం. తీగ ఉన్నవి రెండు ఇచ్చి ముక్కు దగ్గర ఎలా నొక్కాలో చూపించాను. డబ్బులు లెక్కపెట్టి మరీ ఇచ్చాడు, తీసుకున్నాను.

1 ఏప్రిల్ 2022, శుక్రవారం

కోవిడ్ కోసం విపత్తుల చట్టం కింద పెట్టిన ఆంక్షలు నిన్నటితో తీరిపోయాయి. మాస్కు వాడుతూనే ఉండండని కేంద్రం చెప్పింది గానీ, బజారులో ఎవరికీ పట్టింపు లేదు. రేపు ఉగాది, వేపపూతకూ మామిడికాయలకూ జనం భుజం భుజం రాసుకుని నిలబడుతున్నారు.

"ఇంకా ఎందుకండీ మీకు?" అని ఇవాళ కూడా ఒకరు అడిగారు. పక్క వీధి అక్కయ్యకు కీమో నడుస్తోంది, వారానికోసారి నా దగ్గరికే వస్తుంది. కిడ్నీ మార్పిడి అయిన కుర్రాడు వస్తాడు. వాళ్లెప్పుడు వస్తారో నాకు ముందు తెలియదు. వచ్చేముందు ఎవరు దగ్గి వెళ్లారో వాళ్లకు తెలియదు. అందుకని కౌంటరు వెనకున్నంతసేపూ నాకు ఉంటుంది.

మధ్యాహ్నం జలుబు మాత్రలకు వచ్చిన కాలేజీ అబ్బాయి తనంతట తానే మాస్కు అడిగాడు. బస్సులో గుంటూరు వెళ్లాలట. నీలం వైపు బయటికి, తీగ పైకి, రబ్బరు పట్టుకునే తియ్యాలి అని చెప్పబోతుంటే, "తెలుసు ఆంటీ" అని చక్కగా పెట్టుకున్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చోమన్నాను.

మూడు పొరలవి రెండు పెట్టెలు, నాడాలవి కొన్ని పంపమని సోమవారం ఫోను చెయ్యాలి.