మాత్ర ఇక్కడ, మడ్డి అక్కడ

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో డాక్టర్ చేత యాంటీబయాటిక్ రాయించుకోవడం కంటే అద్దె ఇల్లు దొరకడం తేలికని మా తెలుగువాళ్లు నవ్వుకుంటారు. అద్దె ఇల్లు ఎంత గగనమో ఇక్కడున్న వాళ్లనడగాలి! పిల్లాడికి చెవిపోటు, జ్వరం అని పరుగెత్తితే పారాసిటమాల్ వేసి రెండు రోజులు చూడమంటారు. సంగారెడ్డిలో ఉన్న మా అమ్మకు ఇది మింగుడుపడదు. "రెండు గోలీలు రాయనీకి చేతులు రాని డాక్టరేం డాక్టర్‌రా?" అంటుంది. నేను మాత్రం ఈ డాక్టర్ల పక్షమే. విచ్చలవిడిగా వాడితే క్రిములు మందుకు లొంగకుండా పోతాయని 1995లోనే వీళ్లు స్ట్రామా పేరుతో జట్టుకట్టి, వాడకాన్ని అదుపులో పెట్టుకుంటూ వస్తున్నారు.

ఇంత పొదుపరి దేశం ఆ మందును ఎలా కొంటోందన్న దగ్గరే నా పేచీ.

ఇక్కడ 2002 నుంచి ఒక పద్ధతి ఉంది. ఒకే మందును నలుగురు అమ్ముతుంటే, ఆ నెలలో చవకైనదాన్నే ఫార్మసీవాళ్లు చేతిలో పెడతారు. నా బీపీ మాత్రల డబ్బా పేరు, రంగు మారిపోతుండేది అందుకే. పన్నుల సొమ్ము ఆదా అవుతుంది, కాదనను. కానీ ఈ పోటీకి ధర తప్ప ఇంకేదీ కనిపించదు. వ్యర్థజలాన్ని శుద్ధిచేయడానికి ఖర్చుపెట్టిన ఫ్యాక్టరీ ఆ మేరకు ధర పెంచి ఓడిపోతుంది. వాగులోకి వదిలేసినవాడు గెలుస్తాడు.

ఆ వాగు ఎలా ఉంటుందో 2007లో లెక్కగట్టింది ఈ ఊరి యూనివర్సిటీ పరిశోధకుడే. యోఆకిమ్ లార్సన్ బృందం మా సంగారెడ్డి వైపు పటాన్‌చెరులో, దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల మురుగు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించింది. శుద్ధి అయ్యాక వచ్చే నీళ్లండీ! లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు పోయేది 45 కిలోలన్నారు. అప్పటి 90 లక్షల స్వీడన్ జనాభా ఐదు రోజుల్లో వాడేంత! ఇక్కడ మాత్ర మాత్రకీ ఆలోచించే డాక్టర్లు, అక్కడ ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి కిలోలకు కిలోలు.

వాగు ఒడ్డున పొలాలున్నవాళ్లకు ఇది కొత్త కబురేం కాదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అది అక్కడి నుంచి హైకోర్టుకు, తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు నడిచింది. యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చి, 2021లో తుది నిబంధనల్లో వాటిని తీసేసింది. ఎవరి మాట నెగ్గిందో ఊహించడం కష్టం కాదు. ఇక ఐరోపా సంగతి. నగరాల మురుగునీటిలోంచి మందుల అవశేషాలు తీసే ఖర్చులో కనీసం 80 శాతం మందులు, సౌందర్య సాధనాల కంపెనీలే భరించాలని 2024లో చట్టం చేసుకుంది. తన నదుల కోసం.

విదేశీ తనిఖీదారులు మన ఫ్యాక్టరీలకు రారా అంటే, వస్తారు. మాత్ర స్వచ్ఛత చూస్తారు, రికార్డులు తిరగేస్తారు. గోడ అవతలి వాగు వాళ్ల చిట్టాలో లేదు. డబ్బాలోని కాగితం మీద ఐరోపాలో సరుకు విడుదల చేసినవాడి చిరునామా ఉంటుంది గానీ, అసలు రసాయనం ఏ ఊళ్లో తయారైందో వెతికినా కనబడదు. ముందు అది అచ్చువేయాలి. చవకైనదాన్ని ఎంచేటప్పుడు ధర పక్కన వాగు లెక్క కూడా చూడాలి.

ఇదే మాట మా బామ్మర్దితో అన్నాను. అతను పటాన్‌చెరులోనే ఒక కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. ఆ జీతం మీదే ఇల్లు గడుస్తుంది కాబట్టి ఆర్డర్లు చైనాకు పోతాయన్న భయం అతనికి ఉండనే ఉంది. "రేటు పెంచితే వాగు బాగైతదా బావా, సేటు ఇంకో బిల్డింగ్ కడ్తడా?" అన్నాడు. సేటు బిల్డింగే కడతాడు, అనుమానం లేదు. అందుకే పెంచిన ధర ఊరికే ఇవ్వకూడదంటాను. కొనేవాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి, ఫ్యాక్టరీ తూము దగ్గర సీసాతో నీళ్లు పట్టుకెళ్లే హక్కును ఒప్పందంలోనే రాయించుకోవాలి.