గురుబరపల్లి దారిలో మా అంబాసిడరు

హోసూరు నుండి కృష్ణగిరికి పోయే దారి మన కుటుంబాలకు క్రొత్తది గాదు. సుమారు యాభై కిలోమీటర్ల ఈ దారి పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. శూలగిరి దాటిన తర్వాత, కృష్ణగిరికి ముందు వచ్చే ఊరు గురుబరపల్లి. అది మా అమ్మ పుట్టినూరు.

మా నాయన 1977లో కొన్న అంబాసిడరు మా ఇంట నేటికీ ఉన్నది. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినా దీనిని అమ్ముకోవడానికి మాకు మనసొప్పలేదు. మొన్న మామిడి కాపు రోజులలో, ఎనభై దాటిన మా అమ్మ ఈ కారులోనే పుట్టింటికి పోవాలని ముచ్చటపడింది.

అప్పటికే మా అబ్బాయి ఇంజనుకు క్రొత్త ఇన్‌టేక్ మానిఫోల్డు బిగించి ఉన్నాడు. కార్బురేటరులో కలిసిన గాలినీ పెట్రోలునూ సిలిండర్లకు పంచిపెట్టే గొట్టాల అమరికే మానిఫోల్డు. మా కారులోని 1489 సి.సి. ఇంజను జాతిదే 1955లో ఇంగ్లండులో వెలువడిన ఎం.జి.ఏ. స్పోర్ట్సు కారులోనూ ఉండేది. దానికి రెండు కార్బురేటర్లు. అమెరికా మజిల్ కార్ల బొమ్మలు చూసి మురిసిపోయే మావాడు, అటువంటి జంట కార్బురేటర్ల మానిఫోల్డును సంపాదించి తగిలించాడు.

పోయేటప్పుడు దిగుడు గనుక బండి బాగానే నడిచింది. తిరుగు ప్రయాణంలో గురుబరపల్లి దాటీ దాటకముందే, ఎక్కుడు తగలగానే దగ్గి దగ్గి ఆగిపోయింది. అమ్మను బస్సెక్కించక తప్పలేదు. "మీ నాయన ఉన్నన్నాళ్లూ నేను దీంట్లోంచి నడిదారిలో దిగింది లేదురా" అన్నది. కోపం లేకుండా అన్న ఆ మాట మాకు మరీ తగిలింది.

ఊళ్లోని ముసలి మెకానిక్ వచ్చి, ఇంజను నడిపించి, మానిఫోల్డు అతుకుమీద నూనె చుక్కలు వేసి చెవి ఒగ్గాడు. శబ్దం మారింది. "ఇక్కడ దొంగగాలి పీలుస్తావుంది సామీ" అన్నాడు. ఈ ఇంజనుకు గాలి పోయే మానిఫోల్డు, పొగ వచ్చే మానిఫోల్డు ఒకే ప్రక్కన ఉంటాయి. రెండింటి అంచులనూ ఒకే వాషర్లు అదిమి పట్టాలి. క్రొత్తదాని అంచు పలుచన, పాతదాని అంచు మందం. పలుచనిదానికి పట్టు చాలలేదు. దొంగగాలి చేరితే పెట్రోలు పాలు తగ్గి, ఇంజను నీరసిస్తుంది.

మజిల్ కార్ల వారికి కూడా ఈ ఎంపిక తప్పదు. 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.కు కోరినవారికి మూడు కార్బురేటర్లు అమర్చి ఇచ్చేవారు. మామూలు నడకలో మాత్రం నడిమిదే పనిచేసేది. వి-8 ఇంజన్లలో ఒకే గది గల మానిఫోల్డు పందెపు వేగానికి అక్కరకు వస్తే, రెండంతస్తుల దారులు గలది తక్కువ వేగంలో లాగుడికి అక్కరకు వస్తుంది. కనుక బండి ఏ దారిన, ఏ వేగాన, ఎవరిని ఎక్కించుకొని నడుస్తుందో చూసి ఎంచుకోవలసిన వస్తువిది.

అబ్బాయి మారుమాట లేకుండా పాత మానిఫోల్డును తన చేతులతోనే తిరిగి బిగించాడు. క్రొత్తది గోనెగుడ్డ చుట్టుకొని అటక మీద ఉన్నది. పై ఆదివారం వాడే "రా అవ్వా, మళ్లీ పోయొద్దాం" అని పిలిచాడు. తిరిగి వస్తూ బండి నిదానంగా ఎక్కుడు ఎక్కింది. శూలగిరి చేరేసరికి అమ్మ వెనుక సీటులో హాయిగా కునుకు తీస్తున్నది.