రెండు పళ్ళ మీద మూడో పన్ను

నవంబరు 14, 2023. ఎమ్మిగనూరు

కింద ఎడమ దవడ పన్ను వేసవిలో పీకించినప్పటి నుంచి జొన్నరొట్టె కుడివైపే నములుతున్నా. "నోరు తెరిస్తే గదా కనపడేది, వదిలేయ్" అంటుంది వదిన. సందుంటే పక్క పళ్ళు అందులోకి ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. ఆ తర్వాత కట్టించుకుందామన్నా చోటుండదు.

నవంబరు 20. ఆదోని

పత్తి సీజను. పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వస్తుంటే మార్కెట్ యార్డు దగ్గర బండ్ల మధ్య బస్సు చాలాసేపు ఇరుక్కుంది.

పక్కపళ్ళు రెండూ అరగదీసి, మూడు క్యాపులు ఒకే ముక్కగా తొడుగుతారంట. దాన్నే బ్రిడ్జి అంటారంట. నడుమది ఉత్త పన్ను, కింద వేరుండదు. బరువంతా అటూ ఇటూ ఉన్నవే మోయాలి. అరగదీసిన ఎనామెల్ మళ్ళీ పెరగదు.

"ఉన్నవాటిని చెడగొట్టడం ఎందుకమ్మా?" అని అడిగేశా.

"వెనకదానికి రూట్ కెనాల్ అయింది, ముందుదాంట్లో సగం సిమెంటే. వాటికెట్లాగూ క్యాపులు కావాలి పెద్దాయనా. రెండూ గట్టిగా ఉంటే నేనే ఎముకలో బిగించే ఇంప్లాంటు చేయించుకోమందును" అంది డాక్టరమ్మ. ఈ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

మత్తు సూది, అరగదీత, కొలత. కొలత కోసం నోట్లో పెట్టిన ముద్ద గట్టిపడేదాకా ముక్కుతోనే గాలి పీల్చాలి. తర్వాత కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రంగు పళ్ళ పట్టీ నా పళ్ళ పక్కన పెట్టి చూసింది. ట్యూబులైటు కింద తేడా కొడుతుందంట. మా ఊళ్ళో మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సొసైటీకి నేసిన మా నాయన కూడా రంగునూలు ఎండలోకి తెచ్చి చూస్తే తప్ప ఒప్పుకునేవాడు కాదు. నా పళ్ళ రంగు ఆ పట్టీలో ఏ3, కాస్త పసుపు.

డిసెంబరు 4. ఆదోని

బ్రిడ్జి అతికించారు. నీలం కాగితం కొరికించి, మచ్చ పడ్డచోటల్లా కాస్త కాస్త అరగదీశారు. పింగాణీ పుచ్చదు, దాని కింది పన్ను పుచ్చుతుంది. కొస గట్టిగా ఉండే దారం ఒకటిచ్చారు. రోజూ రాత్రి నడిమి పన్ను కింద దూర్చి లాగాలి. ఈ పని బద్ధకించేవాళ్ళు బ్రిడ్జి జోలికి పోకపోవడమే మేలు.

డిసెంబరు 17. ఎమ్మిగనూరు

రెండువైపులా రొట్టె నములుతున్నా. అన్న కొడుకు వచ్చాడు. "చిన్నాయనా, నాకూ అదే కట్టించు, తొందరగా అయిపోతుంది" అంటాడు. వాడికి 26 ఏళ్ళు. సందుకు అటూ ఇటూ ఉన్న పళ్ళకు మచ్చ కూడా లేదు. బాగా చూసుకుంటే బ్రిడ్జి 10, 15 ఏళ్ళు వస్తుంది. ఆ తర్వాత మళ్ళీ ఆ అరగదీసిన పళ్ళ మీదే కట్టాలి. వాడికి బ్రిడ్జి వద్దన్నా. ఖర్చు ఎక్కువైనా, నెలలు పట్టినా ఇంప్లాంటే వేయించుకోమన్నా.