చీనీపూత

ఎండాకాలానికి తగిన సెంటు ఏది? మల్లెలుండగా సెంటెందుకంటారు మీరు. కాని మా చిలమకూరులో, నాపరాళ్ళు సెగలు కక్కే వేళ అడిగితే, నేను ఓడికొలోను పేరే చెబుతాను. ఇటలీనుంచి వచ్చిన ఫరీనాల అంగడి జర్మనీలోని కొలోన్ నగరంలో 1709లో వెలిసింది. ఆ ఊరి పేరే ఈ సెంటుకు స్థిరపడింది. నిమ్మ, నారింజ తొక్కల నూనెలు, నారింజపూల అత్తరు ఇందులో ముఖ్యం. కలిపిన స్పిరిటు ఆవిరౌతూ నుదుటి వేడిని లాగేస్తుంది. తొక్కల వాసన ముందు ఎగిరిపోతుంది; పూల వాసన కాసేపు ఆగుతుంది.

ఆ పూలవాసన పులివెందుల వైపు వారికి కొత్త కాదు. చీనీతోట పూతకొస్తే ఇంచుమించు అదే! అయితే ఆ పూత ఊరికే రాదు. రైతు కొన్ని వారాలు నీళ్ళు ఆపి, ఆకు వాడాక మళ్ళీ తడి కడతాడు. దప్పిక తీరిన చెట్టు విరగబూస్తుంది.

మా మేనమామ తోటలో ఒక ఏడు ఆకు వాడింది. తీరా తడి కడదామంటే బోరులో నీళ్ళు లేవు. చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఆ వేసవిలో అమ్మకు తలనొప్పి వస్తే, రుమాలుపై నాలుగు చుక్కలు వేసి ఇచ్చాను. వాసన చూసి పక్కన పెట్టేసింది.

"వొద్దు నాయనా. ఉత్త నీళ్ళతో తడిపియ్యి" అంది.