బార్ మీద ఉన్నదే మేము చదవలేదు



మేము సంగారెడ్డి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురం. ఒకే తండా, నారాయణఖేడ్ దిక్కు. మా కాకా చెట్లు కోసే మిషన్ పట్టుకొని జామాయిల్, తుమ్మ కోతకు పోతడు. మా పరీక్ష ఫీజుల్లో సగం ఆ మిషన్ సంపాదించినవే.

మొన్న ఎండాకాలం దుంగలో మేకు తగిలి చైన్ తెగింది. కాకా ఫోన్ చేసి, "పద్దెనిమిది ఇంచుల చైన్ పట్టుకరండ్రి. చదువుకున్నోళ్ళు కదా, చూసి తెండ్రి" అన్నడు. పటాన్‌చెరు పోయి, ఫీజుకు దాచిన పైసల్లో 650 రూపాయలు పెట్టి కొన్నం. రాత్రి బస్సుకు తండా చేరినం.

పొద్దున కాకా చైన్ ఎక్కించిండు. బార్ చుట్టూ సరిగ్గానే వచ్చింది. కానీ గాడిలో లూజుగా ఊగుతుంది, లోపల పండ్ల చక్రం మీద కూర్చోట్లేదు. గట్టిగా బిగిద్దామని మేమన్నం. "నడిచేటప్పుడు ఎగిరొస్తే కాలు మిగలదు" అని కాకా మిషన్ పక్కన పెట్టిండు. రెండు రోజుల కూలి పోయింది. దుకాణంలో వాపసు తీసుకోలేదు.

సెలవుల్లో మేము పాశమైలారంలో చెక్క ప్యాలెట్లు కొట్టే షెడ్డులో పని చేసినం. తెగిన చైన్, బార్ రెండూ అక్కడి మేస్త్రీ దగ్గరికి పట్టుకపోయినం. ఇంచులు అంటే బార్ పొడవేనని, చైన్‌కు మూడు లెక్కలు కలవాలని ఆయన చెప్పిండు.

మొదటిది పిచ్. వరుసగా మూడు రివెట్లు పట్టుకొని, మొదటి దాని నడుమ నుంచి మూడో దాని నడుమకు కొలిచి సగం చెయ్యాలి. కొలత 16.5 మిల్లీమీటర్లు వస్తే .325 పిచ్, 19 వస్తే 3/8.

రెండోది గేజ్. గాడిలో దిగే పన్ను మందం. 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు ఎక్కువగా దొరుకుతయ్. పాత చైన్ అరిగి పలచబడి ఉంటది కాబట్టి బార్ మీది అంకెనే నమ్మాలి.

మూడోది డ్రైవ్ లింకులు, అంటే గాడిలో దిగే పండ్లు ఎన్ని ఉన్నయో లెక్క.

మాది .325, 1.5, 72 లింకులు. మేము తెచ్చింది 3/8, 1.3, 62 లింకులు. రెండింటి చుట్టుకొలత దాదాపు ఒక్కటే, అందుకే బార్ చుట్టూ సరిపోయినట్టు కనబడ్డది.

మేస్త్రీ గుడ్డకు కిరోసిన్ అద్ది బార్ మొదలు తుడిచిండు. ఆయిల్, పొట్టు కింద ఆ అంకెలన్నీ ఉన్నయ్. కాకాకు చదువు రాదు. చదువొచ్చిన మేము తుడిచి చూడలేదు.

ఇంకో మాట దాచుకోవద్దు. ఆ రోజు దుకాణంలో "పిచ్ ఎంత?" అని అడిగిండ్రు. తెల్వదని చెప్పడానికి సిగ్గయ్యి "మామూలుదే అన్నా" అన్నం. క్లాసులో కూడా అట్లనే తల ఊపుతం. అక్కడ పోయేది మార్కులే, ఇక్కడ కాకా కూలి పోయింది. బిగించి ఉంటే కాలు పోయేది.

మీ ఇండ్లల్ల మిషన్ ఉంటే బార్ తుడిచి ఫోటో తీసి పెట్టుకోండి. కొనడానికి పోతే పాత చైన్ వెంట తీసుకపోండి. కొత్తది ఎక్కించినంక కాసేపు నడిపి, ఆపి, చల్లారినంక బిగువు మళ్ళా చూడాలి, సాగి ఉంటది.

కాకా ఆ మూడు అంకెలు మిషన్ పెట్టె మీద మాతోనే పెయింట్‌తో రాయించిండు. రాసినంక ఒక్కొక్కటి చదివి వినిపించమన్నడు.